కప్పు తిరగేసి చూశారా?

మీ ఇంట్లో అద్దాల బీరువా పై అరలో పాత ఇంగ్లీషు టీ సెట్టు ఏదైనా ఉందా? తాతగారి నాటిదనో, దొరల కాలం నాటిదనో చెప్పుకుంటూ, ఏటా సంక్రాంతికి దుమ్ము దులిపి మళ్ళీ లోపల పెట్టేస్తున్నారా? అయితే ఈ వారం వంటపని ముగిశాక ఓ అరగంట తీరిక చేసుకోండి. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి, ఒక్కో కప్పూ తిరగేసి అడుగున ఉన్న ముద్ర చూడండి.

మేం ఈ పని ముందే చేసి ఉంటే నేనూ, మా పెద్ద తోడికోడలూ రెండు నెలలపాటు మాటల్లేకుండా ఉండేవాళ్ళం కాదు.

మా వారి తాతగారు కాకినాడలో ఒక దొర దగ్గర గుమాస్తాగా ఉండేవారట. 1947లో ఆ దొర వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే, తాతగారు ఒక టీ సెట్టు పాడుకున్నారు. మా అత్తగారు దాన్ని ముందుగదిలోనే ఉంచారు కానీ వంటింటి గడప దాటనివ్వలేదు. ఎముకలు కలిసిన పింగాణీ అని ఎవరో చెప్పారట మరి! అత్తగారు పోయాక పాతసామాన్లు కొనే అతనొకడు వచ్చి, మొత్తం రెండు వేలకు తీసుకుంటానన్నాడు. ఇరుకిల్లు కదా, నేను సరేనన్నాను. అక్కయ్య కప్పు తిరగేసి, "1750 అని రాసి ఉంటే కనబడలేదా? రెండువందల డెబ్భై ఏళ్ళ నాటి సొత్తు రెండు వేలకు ఇచ్చేస్తావా?" అంది. నాకు రోషం వచ్చింది. మాట పెరిగింది.

ఎవరిది తప్పో తేల్చుకుందామనే పట్టుదలతో ఈ ముద్రల సంగతి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇంటర్‌తో చదువాపేసిన నాకే అర్థమైందంటే మీకెందుకు అర్థం కాదు?

అసలు బోన్ చైనా అంటే ఏమిటి?

అత్తగారు విన్నది నిజమే. ఇందులో సుమారు సగం పశువుల ఎముకలు కాల్చిన బూడిద. మిగతా సగం తెల్లటి చైనా మట్టి, కార్న్‌వాల్ ప్రాంతపు రాయి పొడి. పింగాణీలో ఎముకల బూడిద కలపడం లండన్ దగ్గర బో అనే చోట 1740లలోనే ఉంది. కానీ ఇప్పుడు మనం చూసే పద్ధతిని 1790లలో స్టోక్-ఆన్-ట్రెంట్‌లో స్పోడ్ కుటుంబం వాళ్ళు కుదిర్చారు. ఆ స్టాఫర్డ్‌షైర్ జిల్లాలోనే మింటన్, వెడ్జ్‌వుడ్, షెల్లీ, రాయల్ ఆల్బర్ట్ లాంటి పేర్లన్నీ పుట్టాయి.

గుర్తుపట్టడం తేలిక. కప్పును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వెనక వేళ్ళు పెట్టండి. వేళ్ళ నీడ కనబడుతుంది. తెలుపు కూడా సున్నం తెలుపులా కాకుండా పాలమీగడ తెలుపులా ఉంటుంది. గోటితో మెల్లగా మీటితే గంటలా మోగుతుంది. బొంగురుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే.

ముద్రలో ఏం చూడాలి?

ముద్రలో కార్ఖానా పేరు అందరూ చదువుతారు. వయసు చెప్పేది మాత్రం దాని చుట్టూ ఉండే చిన్న చిన్న మాటలు. ఒక భూతద్దం దగ్గర పెట్టుకుని వరసగా ఇవి చూడండి.

ఊరికే "ఇంగ్లండ్" అని ఉందా? అమెరికాలో 1890లో వచ్చిన మెకిన్లీ చట్టం వల్ల, 1891 నుంచి అక్కడికి పంపే సరుకు మీద దేశం పేరు వెయ్యాల్సి వచ్చింది. కాబట్టి ఆ మాట ఉంటే సాధారణంగా 1891 తరవాతి సరుకే. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటే ఎక్కువగా 1920 తరవాతిది. "బోన్ చైనా" అని ముద్రలోనే రాసి ఉంటే అదీ ఇరవయ్యో శతాబ్దపుదే అనుకోవచ్చు.

బర్ఫీ ముక్క ఆకారంలో నాలుగు పలకల గుర్తు, పైన గుండ్రంలో రోమన్ నాలుగు అంకె ఉన్నాయా? ఆ డిజైన్‌ను 1842-1883 మధ్య రిజిస్టరు చేశారన్నమాట. 1884 నుంచి దాని బదులు "ఆర్.డి. నంబర్" అని అంకె వేశారు. ఒకటితో మొదలైన ఆ అంకె 1900 వచ్చేసరికి మూడున్నర లక్షలు దాటింది. అయితే ఇవి డిజైన్ రిజిస్టరైన తేదీని చెబుతాయి. కప్పు ఆ తరవాత ఎన్నేళ్ళకైనా తయారై ఉండొచ్చు.

కొన్ని కార్ఖానాలు ఏటా ఒక గుర్తు పెట్టేవి. మింటన్ వాళ్ళు 1842 నుంచి ఏడాదికో గుర్తు మట్టిలో నొక్కేవారు. రాయల్ వూస్టర్ ముద్రలో 1892కి ఒక చుక్క, 1893కి రెండు, ఇలా ఏటా ఒకటి చొప్పున చుక్కలు పెంచుకుంటూ పోయారు. ముగ్గు చుక్కలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకుంటే సంవత్సరం తేలుతుంది!

ఇక చేత్తో రాసిన విడి అంకెలు చాలావరకు డిజైన్ నంబర్లు. వాటిని సంవత్సరం అనుకోకండి.

ఇక్కడే పొరపడతాం

మా ఇంటి గొడవకు మూలమైన 1750 సంగతి చెబుతాను. మాది కోల్‌పోర్ట్ వారి సెట్టు. ఆ కార్ఖానా పెట్టిందే 1790లలో. కానీ వాళ్ళు తమ వంశవృక్షాన్ని వెనక్కి లాగి, పందొమ్మిదో శతాబ్దం చివర్లో ముద్రలో "ఏ.డి. 1750" అని వేసుకోవడం మొదలుపెట్టారు. మా కప్పుల మీద దాని కింద "ఇంగ్లండ్" అని ఉంది, "మేడ్ ఇన్" లేదు. అంటే 1891కీ దాదాపు 1920కీ మధ్య తయారైనవి. అక్కయ్య అనుకున్నంత పాతవి కావు, నేను అనుకున్నంత కొత్తవీ కావు. నూరేళ్ళు మాత్రం నిండాయి.

మా పక్కింటావిడ దగ్గర ఎర్ర గులాబీలు, బంగారు అంచు ఉన్న రాయల్ ఆల్బర్ట్ సెట్టు ఉంది. పేరు "ఓల్డ్ కంట్రీ రోజెస్". పేరులో "ఓల్డ్" ఉందని పురాతనం అనుకోకండి. ఆ డిజైన్ వచ్చిందే 1962లో. అడుగున కనబడే 1962 కూడా డిజైన్ వచ్చిన ఏడాదే తప్ప ఆ కప్పు పుట్టిన ఏడాది కాదు.

వెడ్జ్‌వుడ్ పేరు విషయంలో అక్షరాలు కూడబలుక్కుని చదవండి. అసలు పేరులో "జి" తరవాత "ఇ" ఉండదు. "ఇ" చేర్చి రాసినవీ, "వెడ్జ్‌వుడ్ అండ్ కో" అని ఉన్నవీ వేరేవాళ్ళ సరుకు.

మరి ధర మాటేమిటి?

ముద్ర వయసు చెబుతుంది గానీ ధర చెప్పదు. ధర చెప్పేది వస్తువు పరిస్థితి, కొనేవాళ్ళ మోజు. వెంట్రుకంత బీట ఉన్నా, అంచు పెచ్చు ఊడినా, బంగారు పూత అరిగినా విలువ బాగా పడిపోతుంది. అంటించిన కప్పుకు దాదాపు ఏమీ రాదు. కప్పు, సాసరు, చిన్న ప్లేటు మూడూ ఒకే డిజైన్‌వి కలిసి ఉంటే విడి సాసరు కంటే నయం. అచ్చు బొమ్మ కంటే చేతి చిత్రానికి ఎక్కువ. రాయల్ వూస్టర్ మీద పళ్ళు, పశువుల బొమ్మలు వేసి చిత్రకారుడు సంతకం చేసినవైతే మంచి ధర పలుకుతాయి. ఇంగ్లండులో కూడా పెద్ద పెద్ద డిన్నర్ సెట్లకు ఇప్పుడు మునుపటి గిరాకీ లేదు.

మా అక్కయ్య కొడుకు ఫోన్‌లో చూసి "లక్ష పెట్టారు పిన్నీ" అన్నాడు. అది అమ్మేవాడు అడిగిన ధర. సంతలో బేరం చేసే మనకు అడిగిన ధరకీ, తెగిన ధరకీ ఉన్న తేడా తెలియనిదా? వేలంపాటల్లో, ఇంటర్నెట్‌లో అచ్చంగా అదే డిజైన్ ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలి. ఇద్దరు ముగ్గురిని అడగకుండా గుమ్మంలోకి వచ్చినవాడికి ఇచ్చెయ్యకూడదు.

కడిగేటప్పుడు

టబ్బులో పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బుతో ఒక్కొక్కటీ కడగండి. పీచు, పౌడరు వద్దు. మైక్రోవేవ్‌లో పెట్టకండి, బంగారు పూతకు నిప్పురవ్వలు వస్తాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి రోజువారీ వాడకానికి, ముఖ్యంగా నిమ్మకాయ టీలాంటి పుల్లటివాటికి వాడకపోవడం మంచిది. కప్పులో కప్పు దొంతర పెట్టకండి. మధ్యలో మెత్తటి గుడ్డ వెయ్యండి.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, పెళ్ళయిన కొత్తలో అత్తగారి మెప్పు కోసం రెండు కప్పుల్ని గిన్నెలు తోమే పౌడరుతో తోమి, అంచు బంగారమంతా పోగొట్టింది నేనే. ఆ సంగతి ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు. ముద్రలు చూస్తుంటే ఆ రెండు కప్పులూ చేతికొచ్చాయి. వెంటనే అక్కయ్యకు ఫోన్ చేసి, ముందు నా తప్పు చెప్పి, ఆ తరవాత 1750 సంగతి చెప్పాను. కాసేపు పలకలేదు. తరవాత, "మూడు సాసర్లు పగలగొట్టింది నేనేలే" అంది.

లెక్క చూస్తే మా సెట్టుకు లక్షలు రావు, రెండు వేల కంటే మాత్రం ఎక్కువే వస్తుంది. చెరి మూడు కప్పులు పంచుకుంటే ఇద్దరికీ నష్టమే. అందుకని అమ్మలేదు, విడదీయలేదు. ఒక ఏడాది వాళ్ళింట్లో, ఒక ఏడాది మా ఇంట్లో. ఏ కప్పుకు ఏ దెబ్బ ఉందో, ముద్ర ఏమిటో, తాతగారు ఎలా పాడుకున్నారో ఒక కాగితం మీద రాసి టీ కుండలో పెట్టాం. మా తరవాత పిల్లలు తిరగేసి చూసినప్పుడు పోట్లాడుకోకుండా!

మీరూ ఓసారి తిరగేసి చూడండి. అడుగు చూడకుండా అమ్మకండి. అడుగు చూసిన వెంటనే ఎగిరి గంతూ వెయ్యకండి.