కృత్రిమ మృదులాస్థి

మోకాళ్ల నొప్పులచే బాధపడు పెద్దవారు లేని యిల్లు అరుదు. ఆ నొప్పులకు తరచుగా కారణము మృదులాస్థి అరిగిపోవుటయే. దానికి బదులు మరియొక పదార్థమును కల్పించుటకై శాస్త్రజ్ఞులు చేయుచున్న ప్రయత్నములను గూర్చి సంగ్రహముగా తెలుప నెంచితిమి.

కీలునందు ఎముకల కొనలను కప్పియుండు తెల్లని నునుపైన పొరయే మృదులాస్థి. ఇది మోకాలియందు కొన్ని మిల్లీమీటర్ల మందము మాత్రమే యుండును. దీనిలో నూటికి సుమారు 70 పాళ్లు నీరే. తక్కినది, వలవలె అల్లుకొనిన సన్నని పోగులును, వాని నడుమ నీటిని పట్టియుంచు పదార్థములును. అడుగు మోపినపుడు ఆ యొత్తిడికి కొంత నీరు వెలికి వచ్చును. బరువు తొలగినంతనే మరల లోనికి పోవును.

చర్మము తెగిన మానును. ఎముక విరిగిన అతుకును. మృదులాస్థి చెడినచో సరిగా మానదు. ఏలయన, బాగుచేయు సామగ్రిని కొనివచ్చు రక్తనాళములు దానిలో లేవు. చెడిన మృదులాస్థి మరల మానదను సంగతిని విలియం హంటరు అను వైద్యుడు 1743లోనే వ్రాసియుండెను. నరములును లేకుండుటచే, అరుగుట ఆరంభమైనపుడు మనకు తెలియనే తెలియదు.

నునుపైన వస్తువు నేదేని ఆ స్థానమున నుంచరాదా యని చదువరులు అడుగవచ్చును. ఇంగ్లండులో జాన్ ఛార్న్లీ అను శస్త్రవైద్యుడు తుంటికీలునందు టెఫ్లాను వాడి చూచెను. అది మిక్కిలి నునుపైనదే గాని, త్వరగా అరిగిపోయెను. రాలిన పొడి చుట్టునున్న మాంసమును చెరచెను. ఆయన 1962లో పాలిథిలీనునకు మారి, లోహపు బంతితో దానిని జతచేసి కృతార్థుడయ్యెను. కాని యీ పద్ధతిలో కీలునంతను మార్చవలెను. చిన్న గుంట మాత్రమే పడిన యువకునకు ఇంతటి చికిత్స తగదు.

కావున నీటితో నిండిన జెల్లులపై దృష్టి మరలినది. సాధారణపు జెల్లు జున్నువలె చిదిగిపోవును. 2003లో జపానునందలి హొక్కైడో విశ్వవిద్యాలయమున జియాన్ పింగ్ గోంగును, ఆమె సహచరులును రెండు వలలను ఒకదానిలో నొకటి అల్లిన జెల్లును ప్రకటించిరి. పెళుసైన వల అచ్చటచ్చట తెగి దెబ్బను తాను భరించును. సాగు వల దానిని విడిపోకుండ పట్టియుంచును. నూటికి సుమారు 90 పాళ్లు నీరున్నను అది గట్టిగా నిలిచెను.

అయినను, బలముతో పని ముగియలేదు. తడిగల జెల్లు ఎముకను అంటుకొనదు. అందుచే ఎముకలోని ఖనిజమునే జెల్లు అంచున చేర్చి, ఎముక దానిలోనికి పెరుగునట్లు జంతువులయందు పరీక్షించిరి. అమెరికాలో 2016లో కాలి బొటనవ్రేలి కీలునకు అనుమతి పొందిన యొక జెల్లు బిరడా, తలచినదానికంటె హెచ్చుగా విఫలమగుటచే 2024లో వెనుకకు తీసికొనబడెను.

నునుపు, బలము, పట్టు అను మూడును ఒక్కచోట కూడి, ఏండ్ల తరబడి నిలువవలెను. వీనిలో ఏ యొక్కటి లోపించినను రోగికి మరల శస్త్రచికిత్స తప్పదు. రసాయనశాస్త్రము, శరీరశాస్త్రము, యంత్రశాస్త్రము మూడును ఎరిగినవారు కలిసి చేయవలసిన పని యిది. అందాక, ఆటలలో మోకాలికి దెబ్బ తగిలినపుడు దానిని దాచక పెద్దలకు చెప్పుడని మా విద్యార్థులను కోరుచున్నాము.