ముందు చక్రాలు లాగడం లేదా? డబ్బా మార్చే ముందు ఇవి చూడండి

వాన పడ్డ రేగడి డొంకలో కూరగాయల బస్తాలతో పికప్ దిగబడింది. ఫోర్‌వీల్ నాబు తిప్పారు. దీపం మిణుకు మిణుకుమంటోందే తప్ప ముందు చక్రాలు లాగలేదు. తెల్లారేసరికి రైతుబజారులో ఉండాల్సిన బెండకాయలు పొద్దెక్కినా డొంకలోనే ఉండిపోయాయి.

గుంటూరు జిల్లాలో నలుగురు రైతులు కలిసి కొనుక్కున్న పాత బండి అది. ఒక్కొక్కరిదీ రెండెకరాల లోపు సేద్యమే. పట్నంలో మొదట చూసిన మెకానిక్ ట్రాన్స్‌ఫర్ కేసు పోయిందన్నాడు. మార్చాలంటే లక్షకు దగ్గర చెప్పాడు. అప్పు కోసం తిరుగుతుండగా, వైరింగు పని చేసే కుర్రాడొకడు బండి కింద టార్చి వేసి చూశాడు. "బాబాయ్, డబ్బా బాగానే ఉంది. దానికి కరెంటే అందట్లేదు" అన్నాడు. ఎర్తు వైరు బోల్టు తుప్పు పట్టింది, మోటారు సాకెట్లో పచ్చగా చిలుము పేరుకుంది. గీకి, తుడిచి బిగిస్తే దీపం నిలకడగా వెలిగింది. ఖర్చు మూడొందలు దాటలేదు.

మీ ట్రాక్టరుకైతే ఫోర్‌వీల్ వేయడానికి చేతి లీవరు ఉంటుంది. లాగితే పళ్ళు పడతాయి, అంతే. ఈ పికప్‌లలో అలా కాదు. మీరు తిప్పే నాబు చిన్న కంప్యూటరుకు కబురు పంపుతుంది. అది గేరుబాక్సు వెనక ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు మీది మోటారును తిప్పుతుంది. పళ్ళు పడ్డాయా లేదా అని సెన్సారు తిరిగి చెబుతుంది. ముందు ఇరుసును కలిపే పని కొన్ని బండ్లలో మోటారుది, కొన్నింటిలో ఇంజను నుంచి వచ్చే గాలి పీల్పుది. ఇన్ని చేతులు మారే కబురు ఎక్కడ ఆగినా దీపం మిణుకుతూనే ఉంటుంది. అందుకే ఖరీదైన డబ్బాను ఆఖరున అనుమానించాలి.

అసలు అది రోగమేనా అన్నది ముందు తేల్చుకోండి. ఎదురుబదురు పళ్ళు కుదరకపోతే కాసేపు దీపం మిణకడం మామూలే. స్టీరింగు తిన్నగా పెట్టి నాలుగు గజాలు ముందుకో వెనక్కో కదిపితే పడిపోతుంది. 4ఎల్ వేయాలంటే చాలా బండ్లలో పూర్తిగా ఆపి, న్యూట్రల్లో పెట్టాలి. మీ బండి పుస్తకంలో ఏం రాసిందో చదివించుకోండి. ముందు కొత్త టైర్లు, వెనక అరిగిన టైర్లు ఉన్నా పళ్ళు బిగుసుకుని ఊడిరావు. తారు రోడ్డు మీద 4హెచ్‌లో నడిపినా అంతే.

తరువాత బ్యాటరీ. ఇంజను ఆపి కొంతసేపు అయ్యాక మీటరు పెడితే 12.4 వోల్టులకు పైన ఉండాలి. ఇంజను నడుస్తుంటే పదమూడున్నర, పద్నాలుగు చూపాలి. కరెంటు చాలకపోతే హారను మోగుతుంది గానీ ఈ మోటారు తిరగదు. ఫ్యూజు మాడి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. తీగముక్క, సిగరెట్ పెట్టె కాగితం వద్దు. మళ్ళీ మాడిందంటే ఎక్కడో వైరు ఒరుసుకుపోయిందని అర్థం.

ఇక చెవితో చేసే పరీక్ష. చదును నేల మీద ఆపి, చేతిబ్రేకు లాగి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. ఇంజను వేయకుండా తాళం మాత్రం తిప్పి, ఒకరు నాబు 2హెచ్ నుంచి 4హెచ్‌కు తిప్పాలి. ఇంకొకరు బండి పక్కన కూర్చుని వినాలి, కిందికి దూరవద్దు. గుర్రుమని మోటారు తిరిగిన చప్పుడు వస్తే కరెంటు అందుతోంది. అప్పుడు అనుమానం సెన్సారు మీదికి, లోపలి పళ్ళ మీదికి వెళుతుంది. చప్పుడే లేకపోతే రిలే, వైరు, ఎర్తు, సాకెట్, ఆ తరువాతే మోటారు. సాకెట్ ఊడదీసే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

దీపం నిలకడగా వెలుగుతున్నా ముందు చక్రాలు లాగడం లేదా? ముందు ఇరుసు కలవలేదన్నమాట. గాలి పీల్పుతో పనిచేసే బండి అయితే సన్న రబ్బరు గొట్టాలు చూడండి. గడ్డివాము పక్కన నిలిపే బండికి ఎలుకల బెడద ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చూసినా తేలకపోతే స్కానరు ఉన్న షాపుకు వెళ్ళాల్సిందే. చౌక రకం స్కానర్లు చాలావరకు ఇంజను కోడ్లే చదువుతాయి, ఫోర్‌వీల్ సంగతి చెప్పవు. కోడు ఏమొచ్చిందో కాగితం మీద రాయించుకోండి. దాన్ని చెరిపించి బండి నడిపించాక మళ్ళీ అదే వస్తేనే సామాను మార్పుకు ఒప్పుకోండి. కోడు చూపకుండా డబ్బా మార్చాలనే చోట తాళాలు ఇవ్వకండి.

పాత బండి కొనబోయేవారికి ఒక మాట. తాళం తిప్పగానే ఫోర్‌వీల్ హెచ్చరిక దీపం కొద్ది సెకండ్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే బల్బు పోయి ఉండవచ్చు, అమ్మేవాడే తీసేసి ఉండనూవచ్చు. బేరం ఆడేముందు మట్టిదారిలోకి తీసుకెళ్ళి 4హెచ్, 4ఎల్ రెండూ వేయించి చూడండి.