పాటలో బాస్ పోయిందా? కెపాసిటర్ చూడండి!

ఈసీఈ, ట్రిపుల్‌ఈ పూర్తిచేసి అశోక్‌నగర్‌లో ఏఈఈ, జేఈ పరీక్షలకు ప్రిపేరవుతున్నారా? పొద్దున చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం నారాయణగూడలో కోచింగ్.. ఫార్ములాలన్నీ నోటికొచ్చేసి ఉంటాయి. అయినా ‘ఇక్కడ 220 మైక్రోఫారడ్‌లే ఎందుకు?’ అని ఏ కోర్ కంపెనీ ఇంటర్వ్యూలోనో అడిగితే చాలామందికి మాట పెగలదు. ఆ జంకు పోవాలంటే ఒక్క ఆదివారం చిన్న ఆడియో యాంప్లిఫయర్ చేసి చూడండి. ఎల్‌ఎం386 ఐసీ మంచి మొదలు. ఎనిమిది కాళ్లే, 9 వోల్టుల అడాప్టర్ చాలు. హాస్టల్ గదిలో 230 వోల్టుల వైర్లు ముట్టుకోవాల్సిన పనే లేదు.

స్పీకర్ ముందున్నదే కీలకం

ఈ ఐసీ అవుట్‌పుట్ (5వ పిన్) దగ్గర సప్లైలో సగం, అంటే 4.5 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది. అది నేరుగా 8 ఓమ్‌ల స్పీకర్‌కు చేరితే పాట లేకపోయినా అర ఆంపియర్‌కు పైగా కరెంటు పారి కాయిల్ వేడెక్కుతుంది. మధ్యలో ఉండే కెపాసిటర్ డీసీని ఆపి పాటను మాత్రమే పంపిస్తుంది. అయితే విలువ తగ్గితే బాస్‌ను కూడా ఆపేస్తుంది.

ఎంత విలువ పెట్టాలో తేల్చేది మీకు తెలిసిన ఆర్‌సీ ఫార్ములానే. సులువుగా చెప్పాలంటే 1,59,000ను ఓమ్‌లు, మైక్రోఫారడ్‌ల లబ్ధంతో భాగించండి. వచ్చేది కటాఫ్ ఫ్రీక్వెన్సీ. అక్కడ పవర్ సగానికి పడిపోతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కైతే..

* 47 మైక్రోఫారడ్‌లు: సుమారు 423 హెర్ట్జ్
* 220 మైక్రోఫారడ్‌లు: సుమారు 90 హెర్ట్జ్
* 1000 మైక్రోఫారడ్‌లు: సుమారు 20 హెర్ట్జ్

మూడూ మార్చిమార్చి ఒకే పాట వినండి. 47 పెడితే తబలా మోత పోయి గొంతు పలచబడుతుంది. అలాగని 1000 ఎప్పుడూ మేలు కాదు. అరచేతిలో పట్టే స్పీకర్ అంత లోతు ఎలాగూ పలకలేదు. దానికి 220 చాలు.

ఏ చోట ఏ రకం?

* ఇన్‌పుట్: 10 కిలోఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ ముందు 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ రకం పెడితే కటాఫ్ 16 హెర్ట్జ్. చౌకగా దొరికే ‘104’ సెరామిక్ (0.1 మైక్రోఫారడ్) పెడితే 159కి ఎగబాకుతుంది.
* సప్లై: 6వ పిన్ దగ్గర 470 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలైటిక్, పక్కనే ఒక 104 సెరామిక్. పెద్దది బాస్ దెబ్బకు కావాల్సిన కరెంటు నిల్వ ఉంచుతుంది, చిన్నది హై ఫ్రీక్వెన్సీ నాయిస్ పని పడుతుంది.
* 7వ పిన్: గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్‌లు. సప్లై నుంచి వచ్చే ‘గుయ్’ తగ్గుతుంది.
* అవుట్‌పుట్: 5వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 10 ఓమ్‌లు, దానికి సిరీస్‌లో ‘473’ (0.047 మైక్రోఫారడ్). ఐసీ దానంతటదే ఆసిలేట్ కాకుండా ఇది కాపాడుతుంది.

ఇవి మరవొద్దు

ఎలక్ట్రోలైటిక్ మీద చార ఉన్న వైపు మైనస్. తిరగేసి పెడితే లోపల గ్యాస్ పుట్టి పేలొచ్చు. స్పీకర్ కెపాసిటర్ ప్లస్ ఐసీ వైపే ఉండాలి. 9 వోల్టుల సర్క్యూట్‌కు కనీసం 16, వీలైతే 25 వోల్టుల రేటింగ్ తీసుకోండి. 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలది అడగండి. వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. ‘ఆడియో గ్రేడ్’ పేరుతో ఖరీదైనవి ఈ బోర్డుకు అక్కర్లేదు.

ఎక్కడ కొనాలి?

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ దాటగానే సుల్తాన్‌బజార్. అక్కడ దిగి కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి. విలువ, వోల్టేజీ, రకం.. మూడూ చీటీ మీద రాసుకెళ్లండి. ప్రతి విలువలో ఒకటి ఎక్కువే కొనండి.

చివరగా, ఏ కెపాసిటర్ పెడితే ఏం వినిపించిందో నోట్‌బుక్‌లో రాయండి. రెజ్యూమెలో ‘ఆడియో యాంప్లిఫయర్ ప్రాజెక్టు’ అన్న ఒక్క లైను మీద పది ప్రశ్నలు వేసినా ఆ పేజీయే మీ జవాబు.