ముగ్గులో ఇల్లు

పరిగి పరిసర గ్రామాలలో కొత్త ఇంటి పనికి మంచిరోజు చూసుకున్నారంటే, ఆ ఉదయం స్థలంలో ముందుగా కనిపించేవి ఇటుకలూ సిమెంటూ కావు. నాలుగు గుంజలు, ఒక దారపు చుట్ట, తట్టెడు సున్నపు పొడి. కాగితం మీది నక్షాను అసలు కొలతలతో నేల మీద గీయడాన్ని ‘ముగ్గు పోయడం’ అంటారు. వాకిటి ముగ్గు మరునాటికి చెరిగిపోతుంది. ఈ ముగ్గు మీద మాత్రం ఒక కుటుంబం ఏళ్ల తరబడి బతుకుతుంది.

మేస్త్రీ మొదట వీధికి సమాంతరంగా ఒక దారం కడతాడు. మూల నుండి దాని వెంట 3 అడుగులు, రెండవ దారం వెంట 4 అడుగులు గుర్తించి, ఆ గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చేవరకు రెండవ దారాన్ని జరుపుతాడు. అప్పుడు ఆ మూల లంబకోణమవుతుంది. యజ్ఞవేదికల కోసం బౌధాయన శుల్బసూత్రాలు తెలిపిన లెక్క ఇదే. ‘మానసారం’ అనే శిల్పశాస్త్ర గ్రంథం పేర్కొన్న నలుగురు నిపుణులలో ‘సూత్రగ్రాహి’ ఒకడు. అంటే దారం పట్టేవాడు. మన మేస్త్రీ ఆ గ్రంథాలను చూసి ఉండకపోవచ్చు, ఆయన చేతిలోని దారం మాత్రం ఆ దారమే.

ముగ్గు పోయగానే ఇంటివారికి తరచుగా కలిగేది నిరుత్సాహం. “గది ఇంతేనా?” అంటారు. ఇందుకు కారణాలు రెండు. పైన ఆకాశం, చుట్టూ ఖాళీ స్థలం ఉండడం వలన గీతల మధ్య చోటు కంటికి చిన్నదిగా తోస్తుంది. అంతేగాక, ఆ జంట గీతలు గోడ మందాన్ని చూపవు. బునాది కందకం వెడల్పును చూపుతాయి. గోడ 9 అంగుళాలే అయినా కందకం రెండు మూడు అడుగులుంటుంది. నల్లరేగడి నేలలో ఇంకా ఎక్కువే కావచ్చు. కనుక గోడ వచ్చే చోటును బూడిదతో వేరుగా గీయించుకొని, ఆ తరువాతే గదిని చూడాలి.

చూడడమంటే నిలబడి చూడడం కాదు. మంచం తెచ్చి వేయాలి. తలుపు తెరుచుకొనే మేర చేతితో తిప్పి చూడాలి. వంట చేసే ఆమె పొయ్యి దగ్గర నిలబడి వెనుకకు తిరగాలి. రాత్రివేళ మరుగుదొడ్డికి వెళ్లవలసిన ముసలితల్లి తన పడక నుండి అక్కడి దాకా నడవాలి. నక్షా గీసేటప్పుడు వీరిని అడిగేవారు తక్కువ. కాగితం చదవలేని వారు కూడా ముగ్గును చదవగలరు.

చిన్న ఇంటిలో ఈ పరీక్ష మరీ అవసరం. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలన్నారు. బయటి కొలతలు 20 అడుగులకు 20 అనుకుంటే, 9 అంగుళాల వెలుపలి గోడలు పోగా లోపల మిగిలేది సుమారు 342 చదరపు అడుగులే. గదుల మధ్య గోడలు ఇంకా లెక్కలోకి రాలేదు. పైకి మెట్లు కావాలంటే మరో చిక్కు. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు, మెట్టు ఎత్తు 7 అంగుళాలు అయితే 18 ఎత్తులు వస్తాయి. పాదం పెట్టే చోటు 10 అంగుళాల చొప్పున, ఒకే వరుసలో వేస్తే 14 అడుగుల పైచిలుకు నిడివి కావాలి. కాగితం మీద చిన్న నిచ్చెనలా కనిపించిన గుర్తు, ముగ్గులో వాకిలిని సగం మింగుతుంది!

ఆస్ట్రేలియా వంటి దేశాలలో విశాలమైన హాలు నేల మీద దీపకాంతితో నక్షాను పూర్తి కొలతలలో ప్రసరింపజేసి, కట్టబోయేవారిని అందులో నడిపిస్తున్నారు. మనకు తట్టెడు సున్నం చాలు. గీత తప్పైతే కాలితో చెరిపి మళ్లీ పోయవచ్చు. తాండూరు బండలు పరిచాక గోడను అడుగు జరపాలంటే ఖర్చు వేలల్లోకి పోతుంది.

అందుకే అనుభవమున్న మేస్త్రీ ముగ్గు పోసిన వెంటనే గడ్డపార తీయనివ్వడు. “ఇయ్యాల ఇంట్ల తిరుగుండ్రి, రేపు తవ్వుదం” అని గుంజలు అలాగే వదిలి వెళ్లిపోతాడు.