టీకా తర్వాత వచ్చిందా? టీకా వల్ల వచ్చిందా?

గత నెల ఓపీలో నా ఎదురుగా కూర్చున్నాయనకు యాభై దగ్గర ఉంటాయి. చీటీ మీద ‘నీరసం’ అని రాసి ఉంది. నాడి చూద్దామంటే చెయ్యి ఇవ్వలేదు. ‘‘నా సంగతి తర్వాత చూద్దురుగానీ మేడమ్, ఒక్క మాట అడగొచ్చా?’’ అన్నాడు. తమ్ముడు 41 ఏళ్లకు పోయాడట. పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చి వరండాలో కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ‘‘ఏ జబ్బూ లేదు మేడమ్. కరోనా టీకా వద్దంటే నేనే తిట్టి, రెండు డోసులూ దగ్గరుండి వేయించాను. దానివల్లేనా?’’

రెండో డోసుకూ ఆ చావుకూ మధ్య దాదాపు మూడేళ్లు. ‘అబ్బే, సంబంధం లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. నాలుగేళ్ల కిందటైతే అలాగే తేల్చేసేదాన్ని. అలా తొందరపడి చెప్పిన ఒక ‘సంబంధం లేదు’ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది. అందుకే కుర్చీ దగ్గరకు లాక్కోమని, ఎప్పుడు ఏం జరిగిందో తేదీలతో సహా మొదటినుంచి చెప్పమన్నాను.

టీకా విషయంలో వైద్యులు మొదట చూడాల్సింది క్యాలెండరే. సూది పడ్డాక ఎన్ని నిమిషాలకు, ఎన్ని రోజులకు ఏం మొదలైంది అన్నదాన్ని బట్టే సగం జవాబు దొరుకుతుంది.

మూడు దుప్పట్ల రాత్రి

మన దేశంలో కరోనా టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. ముందు వరుసలో ఆసుపత్రి సిబ్బందిమే. నేను కొవిషీల్డ్ వేయించుకుని మధ్యాహ్నం దాకా వార్డులో తిరిగాను. రాత్రి పదింటికి వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు. ఎందుకొస్తుందో ఎంఎస్సీ పాఠంలా చెప్పగలిగిన దాన్నే, ఆ రాత్రి రెండింటికి మాత్రం ‘ఇది మామూలేనా’ అని తోటి డాక్టరుకు ఫోన్ చేశాను. ఆవిడా దుప్పట్లోంచే మాట్లాడింది. మర్నాడు సాయంత్రానికి పారాసిటమాల్‌తో లేచి కూర్చున్నాను.

జరిగింది ఇంతే. టీకాలోని సరుకును మన రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా గుర్తుపట్టి, కొన్ని రసాయన సంకేతాలు విడుదల చేస్తుంది. అవి మెదడులోని ఉష్ణోగ్రత కేంద్రానికి చేరితే చలిజ్వరం, కండరాల దగ్గర పనిచేస్తే ఒళ్లునొప్పులు. సాధారణంగా తొలిరోజే మొదలై రెండు, మూడు రోజుల్లో సద్దుమణుగుతాయి. కొవిషీల్డ్‌కు తొలి డోసుతోనే బాధ ఎక్కువ, రెండోదానికి తక్కువ. వయసు పెరిగేకొద్దీ కూడా తగ్గుతుంది.

ఈ చివరి మాట మా అమ్మకు చెప్పడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడకు 74. మార్చిలో వేయించుకుంది, చెయ్యి కూడా నొప్పెట్టలేదు. పక్కింటావిడ వచ్చి ‘జ్వరం రాలేదంటే నీళ్లు పొడిచారేమో వదినా’ అంది. అంతే, అమ్మకు దిగులు పట్టుకుంది. నిజానికి జ్వరం టీకా పనితనానికి కొలబద్ద కాదు. ఏ బాధా లేనివాళ్లలోనూ యాంటీబాడీలు తయారవుతాయి.

బాధ వచ్చిన ప్రతిసారీ కారణం మందే కానక్కర్లేదు కూడా. 2022లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో 12 కరోనా టీకా పరీక్షల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. టీకా మందు లేని ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లలోనూ నూటికి 35 మంది మొదటి డోసు తర్వాత తలనొప్పి, అలసట వంటి ఇబ్బందులు చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వస్తుందేమోనని ఎదురుచూసే మనసు, మామూలు రోజైతే పట్టించుకోని తలనొప్పిని కూడా పట్టి చూపిస్తుంది. సూది పడిన నిమిషానికే కళ్లు తిరిగి పడిపోయే కుర్రాళ్లదీ చాలావరకు భయమే, పైగా ఖాళీ కడుపు. అరగంట కూర్చోబెట్టింది మాత్రం వాళ్ల కోసమే కాదు. లక్షల్లో ఏ కొందరికో తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఒంటిమీద దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం. అప్పుడు క్షణాల్లో తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి.

(చేతికి స్టీలు స్పూన్లు అంటుకుంటున్నాయని ఒకాయన మా ఓపీకే వచ్చి చూపించాడు. పౌడరు రాస్తే జారిపోయాయి. జూన్ ఉక్కపోతలో ఎవరి చెయ్యైనా జిగటగానే ఉంటుంది.)

అయిదో రోజు జ్వరం

ఎక్కువ ప్రాణాల మీదకు తెచ్చింది టీకా జ్వరం కాదు, టీకా జ్వరమే అనుకున్న జ్వరం. 2021 ఏప్రిల్లో టీకా కేంద్రాల దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. సరిగ్గా అప్పుడే రెండో వేవ్ ఎగసింది. కిరాణా దుకాణం నడిపే ఒకాయనకు సూది వేయించుకున్న రోజు కాస్త నొప్పులు, మర్నాటికి తగ్గాయి. అయిదో రోజు మళ్లీ జ్వరం, పొడిదగ్గు. ‘టీకా వేస్తే వస్తుందన్నారుగా’ అని ఇంట్లోవాళ్లు డోలో మాత్రలిస్తూ ఇంకో అయిదు రోజులు గడిపారు. మా దగ్గరకు వచ్చేసరికి ఆక్సిజన్ 84. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. పక్క మంచం మీద అచ్చం ఇదే కథతో వచ్చిన ఆవిడ బయటపడలేదు.

అప్పట్లో మన దగ్గర వేసిన రెండు టీకాల్లో దేనికీ కరోనా తెప్పించే శక్తి లేదు. కొవాగ్జిన్‌లో ఉన్నది చంపేసిన వైరస్. కొవిషీల్డ్‌లో ఉన్నది మన ఒంట్లో పెరగలేకుండా మార్చిన వేరే జాతి వైరస్. ఈయనకు వైరస్ ఆ క్యూలోనో, అంతకుముందు ఇంట్లోనో అంటుకుని ఉంటుంది. రక్షణ సిద్ధమవడానికి రెండు, మూడు వారాలు పడుతుంది కదా. మూడో రోజు దాటాక మొదలైన జ్వరం, దగ్గు, ఆయాసం, వాసన తెలియకపోవడం టీకా ఖాతాలో వేయకూడదని మేం కేంద్రాల దగ్గరే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ‘జ్వరం వస్తే భయపడకండి’ అన్నంతే చెప్పి పంపించాం. ఇప్పుడు ఫ్లూ టీకా వేయించుకునేవాళ్లకూ ఇదే లెక్క. ఆలస్యంగా వచ్చిన జ్వరానికి డెంగీ, మలేరియా, టైఫాయిడ్ ఏదో చూడాలి.

మేం కొట్టిపారేసినవి

నెలసరి వారం ఆలస్యమైందని, ఎక్కువగా అయిందని ఆడవాళ్లు తలుపు దగ్గరగా వేసి మరీ అడిగేవారు. ‘టెన్షన్ వల్లమ్మా’ అనేవాళ్లం. 2022 జనవరిలో అమెరికాలో దాదాపు 4,000 మంది నెలసరి తేదీలు పరిశీలించిన అధ్యయనం వచ్చింది. టీకా తీసుకున్న నెలలో సగటున ఒక రోజు లోపు ఆలస్యం కనిపించింది, తర్వాత మామూలైంది. సగటు అంతే అయినా, కొందరికి అంతకంటే ఎక్కువ తేడా వచ్చింది. ప్రమాదం లేని మార్పే. కానీ వాళ్లు చెప్పింది నిజం, మేం చెప్పింది తప్పు.

నాకు గుచ్చుకునేది ఇంకొకటి. 2021 జూన్‌లో ఒక టీచరమ్మ వచ్చారు. తొలి డోసు వేయించుకుని పన్నెండు రోజులైంది. అరికాళ్లు తిమ్మిరిగా ఉన్నాయన్నారు. ‘‘టీకా వల్లా మేడమ్?’’ అంటే ‘‘సంబంధం లేదమ్మా, ఎక్కువ ఆలోచించకండి’’ అని బి-కాంప్లెక్స్ రాసిచ్చాను. మోకాలి మీద సుత్తి పెట్టి ఒక్కసారి తట్టి చూడలేదు. మూడో రోజు భర్త, కొడుకు ఆవిడను చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. నేలమీద నుంచి లేవలేకపోతున్నారు. ఈసారి తట్టాను. మోకాలు కదల్లేదు. అది గిలియన్ బారీ సిండ్రోమ్. మన రక్షణ వ్యవస్థే పొరపాటున మన నరాల మీద దాడిచేసే జబ్బు. పెద్దాసుపత్రిలో అయిదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు. శ్వాస కండరాల దాకా పోకుండా ఆగింది. నాలుగు నెలల తర్వాత మళ్లీ బడికి వెళ్లారు.

టీకా వల్లేనా? ఈ జబ్బు విరేచనాల తర్వాతా, వైరల్ జ్వరాల తర్వాతా, కరోనా తర్వాతా వస్తుంది. అదే ఏడాది సెప్టెంబరులో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ, ఆస్ట్రాజెనెకా టీకాకు చాలా అరుదైన దుష్ప్రభావాల జాబితాలో దీన్ని చేర్చింది. ఆవిడ విషయంలో అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. తేల్చే దారి మాత్రం ఒకటుంది. టీకా తర్వాత ఇలా ఏది జరిగినా డాక్టరు ఒక ఫారం నింపి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి పంపాలి. అక్కడి నుంచి నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. ఏఎన్ఎంకు చెప్పినా కదులుతుంది. ఇది పిల్లల టీకాలకూ వర్తిస్తుంది. భర్త నన్ను ‘‘ఇది ఎక్కడైనా రాసుకుంటారా మేడమ్?’’ అని అడిగాడు. చూద్దామన్నాను. మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగాక నింపాను.

కోర్టు వార్త వచ్చిన వారం

2024 ఏప్రిల్ చివర్లో ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో తన టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డలు కట్టవచ్చని ఒప్పుకుందన్న వార్త వచ్చింది. మన కొవిషీల్డ్ అదే టీకా. ఆ వారం ఓపీలో ఎవరి చేతిలో చూసినా డీ-డైమర్ రిపోర్టే. బయట ల్యాబుల్లో సొంత డబ్బు పెట్టి చేయించుకొచ్చారు.

వైద్యులకు అది కొత్త సంగతి కాదు. యూరప్ సంస్థ 2021 ఏప్రిల్లోనే చెప్పింది. ఒకపక్క ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఇంకోపక్క మెదడు సిరల్లోనో, కడుపు సిరల్లోనో గడ్డలు కడతాయి. మాత్రకు లొంగని తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, విడవని కడుపునొప్పి, కాలువాపు, సూదికి దూరంగా చర్మం కింద ఎర్రచుక్కలు దీని గుర్తులు. వచ్చేది నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపు. మన దేశంలో 2021 మేలో కేంద్రం ఇచ్చిన లెక్క కొవిషీల్డ్ పది లక్షల డోసులకు 0.61. అదే ప్రకటనలో బ్రిటన్‌కు 4, జర్మనీకి 10 అని ఉంది. మన దగ్గర నిజంగానే తక్కువ కావచ్చు. కానీ ఇలాంటి లెక్కలు నింపిన ఫారాల మీద నడుస్తాయి. మూడోసారి అడిగితేగానీ నింపని నాలాంటివాళ్లు ఎందరున్నారో ఆ అంకెలో కనపడదు. మూడేళ్ల తర్వాత చేయించే డీ-డైమర్‌తో మాత్రం ఉపయోగం లేదు. చిన్న జ్వరానికి, గర్భానికి, వయసుకు కూడా అది పెరుగుతుంది.

‘‘మీ నాన్నగారు ఎలా పోయారు?’’

తమ్ముణ్ని పోగొట్టుకున్నాయన కథ అంతా విన్నాక నేనడిగింది ఇదే. ‘‘ఆయనా అంతే మేడమ్, 52కి, పొలంలో.’’ తమ్ముడికి సిగరెట్లు రోజుకో పెట్టె. పోయేముందు రెండు రోజులు ఛాతీలో మంట అంటే గ్యాస్ అనుకుని మాత్రలు మింగాడు. షుగరు, కొలెస్టరాల్ ఎప్పుడూ చూపించుకోలేదు. ‘ఏ జబ్బూ లేదు’ అంటే మన ఇళ్లల్లో చాలాసార్లు పరీక్ష చేయించలేదని అర్థం.

ఇలాంటి హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల ద్వారా అధ్యయనం చేసి 2023లో ప్రచురించింది. 18-45 ఏళ్ల మధ్య, ఆరోగ్యంగా కనిపిస్తూ పోయిన 729 మందిని అదే వయసు, అదే ప్రాంతం వారితో పోల్చారు. టీకా వల్ల ముప్పు పెరగలేదు, రెండు డోసులు తీసుకున్నవారిలో తగ్గింది. కరోనాతో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో అలాంటి మరణం ఉండటం, పోయేముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, విపరీతంగా శ్రమపడటం ముప్పు పెంచాయి.

‘‘పోస్టుమార్టం జరగలేదు కాబట్టి ఫలానా అని ప్రమాణం చేయలేను. మీరు చెప్పినవన్నీ చూస్తే మాత్రం వేళ్లు గుండె రక్తనాళాల వైపే చూపిస్తున్నాయి, సూది వైపు కాదు’’ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపాడు. బీపీ 168/104. ఈసీజీలో గుండె గోడ మందమైన గుర్తులు. ‘‘మీకూ ఆ నాన్నగారే కదండీ’’ అని మందులు రాసి, రక్తపరీక్షలకు పంపాను.

పోయిన మంగళవారం మళ్లీ వచ్చాడు. వెంట తమ్ముడి కొడుకు, పందొమ్మిదేళ్లవాడు. కౌంటర్లో ఏమని చెప్పాలో తెలియక వాడి చీటీ మీద కూడా ‘నీరసం’ అనే రాయించుకొచ్చారు.