మీకు తెలుసా? ఏకాకి మేళము
అమెరికాలోని జార్జియా రాష్ట్రమున 1896లో జన్మించి, రైలుమార్గములపై కూలిపని చేసి, తుదకు కాలిఫోర్నియాలోని ఓక్లండున స్థిరపడిన బ్లూస్ గాయకుడు జెస్సీ ఫుల్లర్, నమ్మదగిన సహవాద్యకారులు దొరకుట దుర్లభమగుటచే, మేళమంతయు తానే కావలెనని సంకల్పించెను. చేతులలో 12 తంత్రుల గిటారు, మెడకు తగిలించిన చట్రములో హార్మోనికాయు కజూయు (నోటికి తెరపి దొరకినప్పుడు గానమును ఆయనదే!), ఎడమకాలి క్రింద తాళములు: ఇంతవరకు అన్యులకును సాధ్యమే. కాని మంద్రస్వరముల కొరకు ఆయన స్వహస్తములతో నిర్మించుకొనిన ‘ఫాట్‌డెల్లా’ అను పెట్టెయే అసలు విశేషము. కుడిపాదముతో మీటను త్రొక్కినంతనే, లోపలి సుత్తి లేచి పియానో తీగను మోది, గంభీరనాదమును పుట్టించును. ‘శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్లూస్’ అను తన సుప్రసిద్ధగీతమును 1954లో రికార్డు చేయునాటికి ఆయన వయస్సు అరువదికి చేరువైనది.