సైనికాధికారి కాగోరే బిడ్డ ఏ దళాన్ని ముందు కోరుకోవాలి?

బీదరు పరిసర గ్రామాలలో పెరిగిన పిల్లవానికి సైన్యమంటే నెత్తిమీద హోరెత్తే శిక్షణ విమానం. బరంపురం తెలుగు కుటుంబాలకు గోపాలపూరులోని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కళాశాల గుర్తుకు వస్తుంది. యానాం వారికైతే సముద్రమూ, విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళమూ. ఇంటికి దగ్గరగా కనిపించే దళమే బాల్యం నుండి మనసులో నిలవడం సహజం. కాని అధికారి హోదాలో చేరగోరి దరఖాస్తు నింపే నాడు ఆ మమకారం ఒక్కటే చాలదు.

మనవారు ఎన్.డి.ఏ. అని పిలుచుకునే జాతీయ రక్షణ అకాడమీ పుణె సమీపాన ఖడక్‌వాస్లాలో ఉంది. దాని ప్రవేశానికి యూపీఎస్సీ ఏటా రెండు పర్యాయాలు పరీక్ష నిర్వహిస్తుంది. పదహారున్నర మొదలు పందొమ్మిదిన్నర ఏళ్ల నడుమ వయసుగల అవివాహితులు అర్హులు. సుప్రీంకోర్టు జోక్యంతో 2021 నుండి ఆడపిల్లలకూ ఈ ద్వారం తెరుచుకుంది. తొలి జట్టుగా 17 మంది యువతులు 2025 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటకు వచ్చారు. వారికి కేటాయించే స్థానాలు మాత్రం ఇంకా స్వల్పమే.

ఈ దరఖాస్తులో ఆర్మీ, నేవీ, వైమానిక దళం, నేవల్ అకాడమీ అనేవాటిని అభ్యర్థి తన ఇష్టానుసారం వరుసగా సూచించాలి. తుది ఎంపిక ప్రతిభా క్రమం, ఈ కోరికల వరుస, వైద్య యోగ్యత అనే మూడింటి మీద ఆధారపడుతుంది. అభ్యర్థి కోరని దళానికి అతనిని పరిగణించరు. విమానం నడపడం తప్ప మరేదీ వద్దని ఒకే కోరిక రాసిన దరఖాస్తును నేను స్వయంగా చూశాను. ధైర్యానికి మెచ్చుకోవచ్చును గాని, ఆ ఒక్క తలుపు మూసుకుంటే ఆ పర్యాయానికి ఇక దారి లేదు. ఇటీవలి ప్రకటనలలో ఖడక్‌వాస్లాకు ఆర్మీ తరఫున 208, నేవీకి 42, వైమానిక దళానికి 120 స్థానాలు చూపారు. ఆర్మీని వరుసలో ఎక్కడా పేర్కొనని వారు సగానికి పైగా స్థానాలను తమంతట తామే వదులుకుంటున్నారన్న మాట.

నిజానికి ఈ నిర్ణయం దరఖాస్తు నాటిది కాదు. పదవ తరగతి ముగిసిన వేసవిలోనే, ఇంటి అరుగు మీద కూర్చుని గ్రూపు ఎంచుకున్న నాడే అది సగం జరిగిపోతుంది. ఆంధ్రలో ఇంటరు, కర్ణాటకలో పీయూసీ, తమిళనాట, ఒడిశాలో ప్లస్ టూ, పేరు ఏదైనా సూత్రం ఒక్కటే. ఆర్మీకి ఏ గ్రూపైనా సరిపోతుంది. నేవీకి, వైమానిక దళానికి, నేవల్ అకాడమీకి భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు మూడూ చదివి ఉండాలి. గణితం వదిలి జీవశాస్త్రమో, కామర్సో తీసుకున్న బిడ్డకు ఇక మిగిలేది ఆర్మీయే. ఈ సంగతి చాలా ఇళ్లలో రెండేళ్లు ఆలస్యంగా తెలుస్తున్నది. పైగా ఏ గ్రూపు వారైనా పరీక్షలో 300 మార్కుల గణిత పత్రం రాయక తప్పదు. 600 మార్కుల రెండవ పత్రంలో ఆంగ్లానికే 200 ఉన్నాయి. ప్రశ్నలు ఆంగ్లం, హిందీలలో మాత్రమే ఉంటాయి గనుక తెలుగు, కన్నడ, ఒడియా మాధ్యమాల పిల్లలు ముందుగానే జాగ్రత్తపడాలి.

రెండవది శరీరం. వైమానిక దళంలో ఫ్లయింగ్ శాఖకు కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. కూర్చున్నప్పటి ఎత్తు, కాలి పొడవు, తొడ పొడవు సైతం కొలుస్తారు, ఎందుకంటే కాక్‌పిట్‌లో మనిషి ఇమడాలి. కంటిచూపు నియమాలు అక్కడే మిక్కిలి కఠినం. ఎంపిక బోర్డులో నెగ్గిన వారికి కంప్యూటరు మీద జరిపే పైలట్ పరీక్ష ఒకటి ఉంది. దానికి జీవితంలో ఒక్కటే అవకాశం. తప్పితే పైలట్ కావడానికి మరల ప్రయత్నించే వీలు లేదు. కావున సరదాకు వెళ్లి చూద్దామనుకునే పరీక్ష కాదది. రంగులను గుర్తించే శక్తి మూడు దళాలలోనూ చూస్తారు. చుక్కల బొమ్మల పుస్తకంతో కంటి వైద్యుడు కొద్ది నిమిషాలలో తేల్చగల ఈ విషయాన్ని తాలూకా ఆసుపత్రిలో ముందే తెలుసుకోవడం మేలు.

జీతం కోసం దళాన్ని ఎంచుకోనక్కర లేదు. ఆర్మీ లెఫ్టినెంటు, నేవీ సబ్ లెఫ్టినెంటు, వైమానిక దళపు ఫ్లయింగ్ ఆఫీసరు సమాన హోదాలు. ఏడవ వేతన సంఘం ప్రకారం మూడింటికీ మూల వేతనం 56,100 రూపాయలతో ఆరంభం. విమానం నడిపేవారికి, జలాంతర్గామిలో పనిచేసేవారికి, సియాచిన్ వంటి చోట్ల నిలిచేవారికి అదనపు భత్యాలు వేరు.

భేదమంతా జీవిత విధానంలో ఉంది. వైమానిక దళంలో యుద్ధానికి ఎగిరేది ప్రధానంగా అధికారులే. విమానాన్ని సిద్ధం చేసి పంపేవారు నేల మీద ఉంటారు. నౌకాదళంలో నెలల తరబడి సముద్రమే ఇల్లు, రాత్రనక పగలనక వంతులవారీ కాపలా. అయితే కుటుంబం విశాఖ, ముంబయి, కొచ్చి వంటి రేవు పట్టణాలలో ఉంటుంది గనుక పిల్లల చదువు కొంత నిలకడగా సాగుతుంది. ఆర్మీలో సరిహద్దు కొలువు, శాంతి స్థావరపు కొలువు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. పాతికేళ్లు నిండకముందే పదుల సంఖ్యలో జవాన్ల బాధ్యత మీద పడుతుంది. వారి భాష అధికారికి రావాలి. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఎన్.డి.ఏ. మీదుగా వెళ్లి, నడిపినది బిహార్ రెజిమెంటు దళాన్ని. 2020 జూన్ 15న గల్వాన్‌లో ఆ జవాన్ల ముందు నిలిచి అమరుడైనాడు. ఇంట తెలుగు, బడిలో కన్నడమో ఒడియానో, సంతలో హిందీ మాట్లాడుతూ పెరిగిన మన పిల్లలకు మరొక భాష నేర్వడం భారం కాదు. ఈ బలాన్ని మనవారు తగినంతగా గుర్తించడం లేదని నా అభిప్రాయం.

సరిహద్దు కుటుంబాలను నిత్యం వేధించే స్థానిక, స్థానికేతర చిక్కు ఈ పరీక్షలో లేదు. ప్రతిభా పట్టిక దేశమంతటికీ ఒక్కటే. ఎంపిక బోర్డుల కోసం దూరాలు పోనక్కరలేకుండా దక్షిణాన బెంగళూరు, మైసూరులలో కేంద్రాలున్నాయి. అక్కడి ఇంటర్వ్యూలో ఈ దళమే ఎందుకని అడిగినప్పుడు యూనిఫారం బాగుంటుందన్న సమాధానం నిలవదు. దరఖాస్తులోని వరుసకు అభ్యర్థి వద్ద సొంత కారణం ఉండాలి.

ఎన్.డి.ఏ.లో రాకపోతే డిగ్రీ తరువాత సి.డి.ఎస్. పరీక్ష ఉంది. డెహ్రాడూన్‌లోని సైనిక అకాడమీకి, చెన్నైలోని అధికారుల శిక్షణ అకాడమీకి ఏ డిగ్రీ అయినా చెల్లుతుంది. నేవీకి ఇంజినీరింగ్ కావాలి.

ఇంకా చిన్న తరగతులలో ఉన్న బిడ్డలకు సైనిక పాఠశాలల మార్గం ఉంది. ఇక్కడ మాత్రం నివాసం లెక్కకు వస్తుంది. 67 శాతం స్థానాలు ఆ పాఠశాల ఉన్న రాష్ట్రం వారికే. అందుచేత కోలారు కుటుంబం కలికిరి దగ్గరని అటు చూడక విజయపుర, కొడగు పాఠశాలలను, రాయగడ వారు కోరుకొండ కన్న భువనేశ్వర్‌ను, బల్లార్‌పూర్ వారు చంద్రపూర్‌ను ముందుగా రాసుకోవడం లాభదాయకం. ఆరవ తరగతి ప్రవేశ పరీక్షను తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీలలో దేనిలోనైనా రాయవచ్చు. తొమ్మిదవ తరగతిది ఆంగ్లంలో మాత్రమే.